చాప కింద ఇద్దరు

ఫంగాతోలు, సవాయి దీవి, సమోవా
జూన్ మొదటి వారం

ఒరేయ్ ఫెరేటీ,

నీ ఉత్తరం అందింది. దాంతో పాటు పంపిన ఫొటో కూడా. ఒంటి మీద ఆకులు చుట్టుకుని, ఒళ్ళంతా నూనె రాసుకుని పళ్ళికిలించావు చూడు, అది పెలె అత్తకి చూపించాను. "వీడికి అక్కడ ఆకులు కట్టిస్తున్నారు సరే, తిండి కూడా ఆకులే పెడుతున్నారా" అంది. నిజంగానే చిక్కావు. ఆ కాలేజీ చదువు కోసం మధ్యాహ్నాలన్నీ ఆ టూరిస్టుల పార్కులో గంతులేస్తే చిక్కక ఏమవుతావు.

కొబ్బరి చెట్టు ఎక్కినందుకు చప్పట్లు కొడుతున్నారని రాశావు. సిగ్గు లేకపోతే సరి. ఇక్కడ ఎక్కమంటే కడుపునొప్పి అని దుప్పటి ముసుగేసేవాడివి. వంటకి కాయలు నేను దింపేదాన్ని. నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

అసలు సంగతి విను. మన చర్చి పాటల బృందం ఈ నెలాఖరుకి హొనొలూలూ వస్తోంది. వాళ్ళతో పెదనాన్న కూడా వస్తున్నాడు. నిన్ను చూడాలని ఒకటే ఆరాటం, పైకి మాత్రం "పాటలు సరిగ్గా పాడతారో లేదో చూడాలి కదా" అంటున్నాడు. ఇక్కడ ఆయన్ని బిరుదుతో పిలిచి, లెఫాతువారు వస్తున్నారంటే ఊరంతా కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. అక్కడ చేతికి టిక్కెట్టిచ్చి లైన్లో నిలబెడతారేమోనని నా భయం. ముందు వరసలో నీడలో కూర్చోబెట్టు. ఉప్పు చేపలు ఎక్కువ తిననివ్వకు.

అమ్మా నాన్నా పోయాక మనిద్దరినీ చెరో భుజాన మోసినవాడు. ఇప్పటికీ సాయంత్రం ప్రార్థనలో దూరాన ఉన్నవాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు నీదే మొదట. పాస్టరుగారి పేరు కూడా నీ తర్వాతే. నీకోసం అడిగేవి అడిగి, మళ్ళీ గుర్తొచ్చినవి అడిగి, అయ్యేసరికి పొయ్యి మీద చేమదుంపలు చల్లారిపోతాయి. ఆ ముసలాయన్ని బాగా చూసుకో.

నీ అక్క,
వైసోలా

---

ఉత్తర తీరం, ఒవాహు దీవి, హవాయి
జూలై

అక్కా,

పెదనాన్న ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు. నువ్వు చెప్పినట్టే ముందు వరసలో నీడలో కూర్చోబెట్టాను. పార్కులో ఒక్కో దీవి పేరున కట్టిన వాడలన్నీ తిప్పాను. తోంగా వాళ్ళ డప్పులు విని "చేతులు బాగున్నాయి, తలకాయలే లేవు" అన్నాడు. తహితి అమ్మాయిలు నడుము తిప్పుతుంటే ఆ సేపంతా ఆకాశంలో వాన మబ్బులు వెతికాడు. ఫిజీ వాళ్ళ ఇల్లు చూసి, వాసాలు ఎక్కడ కట్టారో చేత్తో తడిమి, ఫరవాలేదన్నాడు. ఆయన నోట్లోంచి ఫరవాలేదంటే అది పెద్ద సన్మానమే, నీకు తెలుసు.

మన సమోవా వాడకి వచ్చాక ఒక చిన్న గొడవ అయింది. చెప్పుకునేంతది కాదు. సాయంత్రం భోజనంలో పంది మాంసం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఉప్పు చేపలు ముట్టనివ్వలేదు.

ఇక్కడ నన్ను కొన్నాళ్ళు కొబ్బరికాయలు ఒలిచే పనికి మార్చారు. అది కూడా మంచిదే, మాట్లాడే పని లేదు.

పెదనాన్న ఏమైనా అన్నాడా? రాయి.

ఫెరేటి

---

ఫంగాతోలు
ఆగస్టు

ఫెరేటీ,

ఏమిటా చిన్న గొడవ?

పెదనాన్న వచ్చిన రోజు అందరికీ తలా ఒక మిఠాయి పొట్లం ఇచ్చాడు. అలసిపోయాను అని పడుకున్నాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో నీ పేరు రాలేదు. ప్రయాణం చేసి వచ్చాడు కదా, మర్చిపోయాడనుకున్నాను. మర్నాడూ రాలేదు. ఆదివారం పాస్టరుగారితో మొదలుపెట్టి, ఆక్లండ్‌లో ఉన్న పిన్ని కొడుకుల్ని, ఎప్పుడో అలిగి పొరుగూరు పోయిన తోబియాని కూడా చెప్పాడు. నీ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నోరు తెరిచి మూశాడు. ఆమెన్ అనేశాడు.

నీకు ముందే రాయాల్సింది. ఇవాళ అంటాడు, రేపు అంటాడు అని చూస్తూ కూర్చున్నాను. పిల్లలు కూడా గమనించారు. నిన్న చిన్నది "ఫెరేటి మామ చచ్చిపోయాడా" అని అడిగింది. వీపు మీద ఒక్కటిచ్చాను కానీ, దాని తప్పేముంది. మన ఇళ్ళలో బతికున్నవాడి పేరు ప్రార్థనలోంచి పోవడం అంటే ఏమిటో పసిదానికి కూడా తెలుసు. ఇంటి పెద్ద అనని పేరు ఆ ఇంటిది కాదు. రేపు నువ్వు తిరిగొచ్చినా నీ చాప ఎక్కడ వెయ్యాలో నాకు తెలియదు.

అడిగితే "నా మోకాలి నొప్పికి నూనె తే" అంటాడు. కోపంగా కూడా లేడు రా. కోపమైతే నాకు భయం లేదు, ఆయన కోపాలతోనే పెరిగాం. ఇది వేరే ఏదో.

పంది మాంసం ఎన్నిసార్లు తిన్నాడో కాదు, జరిగింది రాయి. అంతా రాయి.

వైసోలా

---

ఒవాహు
సెప్టెంబరు

అక్కా,

సరే, విను.

మన వాడలో రోజూ మధ్యాహ్నం, ఊరి సభలో పెద్దలకి ఆవా పోసినట్టే పోసే ఆట ఒకటి ఆడతాం. టూరిస్టుల్లోంచి ఒకణ్ణి పట్టుకొచ్చి, మెళ్ళో ఆకుల దండ వేసి, ఈ రోజుకి నువ్వే ఊరి పెద్దవి అని చాప మీద కూర్చోబెడతాం. అమ్మాయి ఆవా వేరు నీళ్ళలో పిసుకుతుంది. మన సభలో ఒక్కో పెద్దని ఆయన చిప్ప పేరుతో పిలిచినట్టే, ఒకడు చిప్ప పేరు పిలుస్తాడు. నేను కొబ్బరి చిప్పలో తీసుకెళ్ళి ఇస్తాను. వాడు తాగి మొహం చిట్లిస్తాడు, అందరూ నవ్వుతారు. అంతే ఆట.

నిరుడు ఆ పిలిచేవాడు, తుతుయిలా దీవి కుర్రాడు, నన్ను అడిగాడు, ఒక చిప్ప పేరు చెప్పరా, వినడానికి నిజంలా ఉండాలి అని. ఉత్తుత్తి పేరు కల్పిద్దామంటే నాకు నోరు రాలేదు. అబద్ధపు పేరు పిలిచి ఆవా పొయ్యడం ఎలా? నాకు తెలిసిన నిజమైన పేరు ఒకటే. "గట్టు దాటిన గాలి." మన ఇంటి చిప్ప, సభలో పెదనాన్నని పిలిచేది. అది చెప్పాను. అప్పటినుంచి రోజూ అదే పిలుస్తున్నారు. నాకు బాగుండేది అక్కా. ఈ ఊళ్ళో మన ఇంటి మాట ఒక్కటి రోజూ చెవిన పడేది.

పెదనాన్న వస్తున్నాడన్న సంతోషంలో ఆ సంగతే గుర్తు రాలేదు.

ఆ రోజు అమెరికాలో ఐయోవా నుంచి వచ్చిన లావుపాటాయన ఊరి పెద్దగా కూర్చున్నాడు. తుతుయిలా కుర్రాడు పిలిచాడు, "గట్టు దాటిన గాలీ, నీ ఆవా ఇదిగో" అని. వెనక నా వీపు వైపు నుంచి రెండు అరచేతులు గట్టిగా చరిచిన చప్పుడు. ఇక్కడున్నాను, ఇటు తీసుకురా అని. పెదనాన్న. బెంచీ దిగి నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఆలోచించి చేసింది కాదు. నలభై ఏళ్ళ అలవాటు, పిలుపు వినగానే చేతులు వాటంతటవే లేచాయి.

జనం ఇదీ ఆటలో భాగమే అనుకుని నవ్వారు. పైనుంచి కెకౌవా ఆంటీ, మా పని చూసే పెద్దావిడ, ఐయోవా ఆయన వైపు చెయ్యి ఊపుతోంది, అటు వెళ్ళు అటు వెళ్ళు అని. చిప్ప నా చేతిలో ఉంది.

నేను పెదనాన్నకిచ్చాను. ఇంకేం చేస్తాను? మోకాళ్ళ మీద వెళ్ళి, రెండు చేతులా ఇచ్చాను. ఆయన కొంచెం నేల మీద ఒంపి, ఆశీర్వాదం చెప్పి, తాగాడు. ఆపైన మొదలుపెట్టాడు ప్రసంగం. వచ్చినవాళ్ళకి స్వాగతం, వాళ్ళ ఊళ్ళకి, వాళ్ళ చనిపోయినవాళ్ళకి నమస్కారం, సముద్రానికి, దేవుడికి. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, ఒక్కరూ కదల్లేదు. కాలువలో పడవల మీద తర్వాతి డాన్సు చెయ్యాల్సినవాళ్ళు ఎండలో అలాగే నిలబడిపోయారు. అయిపోయాక ఐయోవా ఆయన తన దండ తీసి పెదనాన్న మెళ్ళో వేశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెదనాన్న లేచి వచ్చేసి, బస్సు ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు.

పడవలు ఆలస్యమయ్యాయని నన్ను కొబ్బరికాయల దగ్గరికి పంపారు. ఇందులో నేను చేసిన తప్పేమిటి? ఎవరికివ్వాలో వాళ్ళకే ఇచ్చాను కదా. ఇంటి పేరు బయట వాడానని కోపమైతే నాలుగు తిట్టచ్చు, చెంప మీద కొట్టచ్చు. పేరు తీసేస్తాడా? తీసేస్తే తీసెయ్యమను. నా ప్రార్థన నేను చేసుకోగలను.

ఫెరేటి

ఇంకో మాట. ఆయన అననప్పుడు నువ్వైనా మనసులో అంటున్నావా?

---

ఫంగాతోలు
అక్టోబరు

ఒరేయ్ పొగరుబోతు,

రోజూ అంటున్నాను. మనసులో కాదు, పెదాలు కదిపి మరీ. పెదనాన్న చూస్తూనే ఉన్నాడు.

నీ తప్పేమిటని అడిగావు. చిప్ప పేరు నీదీ కాదు, నాదీ కాదు, నిజానికి పెదనాన్నదీ కాదు. ఆయన మోస్తున్నాడు అంతే. అడక్కుండా తీసి వాడకానికిచ్చావు. ఇంట్లో దుప్పటి తీసి సంతలో పరిచినట్టుంది నీ పని. ఇల్లు గుర్తొచ్చి ఇచ్చావని నాకు అర్థమైంది, చదువుతుంటే ఏడుపొచ్చింది కూడా. అయినా తప్పు తప్పే.

నీ ఉత్తరం తీసుకుని పెలె అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె సన్నచాప నేస్తోంది, తల ఎత్తకుండా అంతా వింది. అన్న ఎంత పెద్దరికం మోసినా చెల్లెలి మాట దాటలేడు కదా, నువ్వు చెప్పు అత్తా అని బతిమాలాను.

"చెబితే ఇవాళ సాయంత్రమే వాడి పేరు అంటాడు. నోటితో అంటాడు. నీకు నోరు కావాలా, మనసు కావాలా?" అంది.

మనసే కావాలన్నాను.

"అయితే దానికి ఒక్కటే దారి. మీ తాత కాలంలో పడవ దగ్గర కొట్లాట అయితే, తెల్లవారకముందే వెళ్ళి నెత్తిన సన్నచాప కప్పుకుని, దెబ్బ తిన్నవాళ్ళ ఇంటి ముందు తప్పు ఒప్పుకుని కూర్చున్నాడు. వాళ్ళు క్షమించి చాప ఎత్తితే బతుకు, లేకపోతే రాళ్ళు. ఎండ నడినెత్తికొచ్చాక ఎత్తారు. మీవాడు వచ్చి అలా కూర్చోవాలి. రాలేడు కదా, మరి ఊరుకో" అని మళ్ళీ నేతలో పడింది.

నేను ఊరుకునే రకాన్నా? నువ్వు చదువు మీద దృష్టి పెట్టు. ఇక్కడిది నేను చూసుకుంటాను.

వైసోలా

---

ఒవాహు
అక్టోబరు చివర

అక్కా,

నువ్వు చూసుకోవద్దు.

నీ ఉత్తరం చివరి ముక్క చదివినప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు. నువ్వు ఏం చెయ్యబోతున్నావో నాకు తెలుసు. చిన్నప్పటినుంచి నా బదులు చెట్లెక్కినదానివి నువ్వు.

మన ఇంట్లో నువ్వు కూర్చునే చాప పైన, నేను కూర్చునేది కింద. నీ ముందు గట్టిగా మాట్లాడినందుకే ఒకసారి పెదనాన్న నన్ను బయట పడుకోబెట్టాడు. ఆడపడుచు నేల మీద తల వంచుకుని కూర్చుంటే, అది తమ్ముడి కోసమైతే, ఆ తమ్ముడు ఇంక మనుషుల్లో తిరగక్కర్లేదు. నా పేరు పోతే పోనీ. పరీక్షలయ్యాక డిసెంబరులో ఓడ వంటింట్లో పని చేసైనా వస్తాను. అప్పటిదాకా ఏమీ చెయ్యకు. దండం పెడతాను.

ఫెరేటి

---

ఫంగాతోలు
నవంబరు

ఫెరేటీ,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను పోయిన సోమవారమే కూర్చున్నాను. కాబట్టి తిట్టి లాభం లేదు.

అమ్మ నేసిన సన్నచాప పరుపు కింద ఉంది కదా, అది తీశాను. తొలికోడి కూయకముందే ఇంటి ముందు గులకరాళ్ళ మీద కూర్చుని నెత్తిన కప్పుకున్నాను. అమ్మ ఎంత మెత్తగా నేసిందిరా, లోపల ఊపిరి కూడా ఆడుతుంది. రాళ్ళు మాత్రం మెత్తగా లేవు. తెల్లవారాక మన పంది వచ్చి కాసేపు నా చుట్టూ మూతితో వాసన చూసింది. దేవుడా, ఈ పని మధ్యలో నవ్వు రానివ్వకు అని వేడుకున్నాను.

పెదనాన్న లేచి ఆకుల తడికె పైకి చుట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఎండ వీపు మీదికి వచ్చింది. లోపల్నుంచి పిల్లల గుసగుసలు, వాళ్ళని బడికి తరిమేసిన మాట. మళ్ళీ ఏమీ లేదు. నాకు భయం వేసింది ఫెరేటీ. ఎత్తడేమో అనుకున్నాను. ఎత్తకపోతే మనిద్దరం కలిసే పోతాం ఈ ఇంటినుంచి అనుకున్నాక కొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడు రాళ్ళ మీద అడుగులు. నా పక్కన ఆగాయి. చాప అంచు లేచింది. ఎత్తేశాడనుకుని కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ చీకటి పడింది. చూస్తే పెదనాన్న నా పక్కన, చాప కింద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇదేమిటి పెదనాన్నా" అన్నాను.

"నువ్వు కూర్చోవలసినదానివి కాదు తల్లీ. వాడూ కాదు. తప్పు నాది" అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఒక్క మాట మార్చడం లేదు.

"మన సభలో నా చిప్ప పిలిచినప్పుడు ఎవరూ తల ఎత్తరు. ఎత్తకూడదు, అదే మర్యాద. ఇన్నేళ్ళూ అలాగే తాగాను. ఇప్పుడు కుర్ర పెద్దలు నా మాటకి అడ్డం కూడా వస్తున్నారు. అక్కడ, ఆ సంతలో, ఆ పలచటి నీళ్ళు తాగి నేను మాట్లాడితే అంత మంది లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు. నాకు నచ్చింది సోలా. చాలా నచ్చింది. ఇంకోసారి పిలిస్తే బాగుండుననిపించింది. లెఫాతు అనే పేరు మోసేవాడికి అలా అనిపించచ్చా? ఇంటికొచ్చి ప్రార్థనలో వాడి పేరు అనబోతే ఆ చప్పట్లే చెవిలో మోగుతాయి. వాడి పేరు చెప్పి దేవుణ్ణి అడుగుతున్నానా, ఆ చప్పట్లు అడుగుతున్నానా, నాకే తెలియడం లేదు. అందుకే నోరు మూసుకున్నాను. వాడి మీద కోపం లేదు. వాడు చిప్ప తీసుకుని మోకాళ్ళ మీద వచ్చిన తీరు నువ్వు చూడాల్సింది, మన సభలో కూడా అంత బాగా ఎవడూ తేలేదు."

ఏడ్చాడు. ముసలివాళ్ళు ఏడిస్తే చప్పుడు రాదు, ముక్కు మాత్రం కారుతుంది. నా లుంగీ అంచుతో తుడిచాను.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఇంటి పెద్దే చాప కింద ఉంటే ఇక ఎత్తేదెవరు? ఈ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఎండ మండిపోతోంది. ఎవరు ముందు లేవాలో తెలియక, ఒకరి చెమట ఒకరికి అంటుకుంటూ కూర్చున్నాం.

చివరికి పెలె అత్త వచ్చింది. వీధిలో ఎవరో చెప్పినట్టున్నారు, లెఫాతువారి ఇంటి ముందు చాప ఒకటి, పాదాలు నాలుగు అని. వచ్చి మా నెత్తి మీద నిలబడి, "ఈ ఇంట్లో క్షమించేవాళ్ళు ఒక్కళ్ళైనా మిగిలారా, లేక నేనూ దూరాలా?" అంది. ఒక్క గుంజు గుంజి చాప తీసేసింది. పెదనాన్న చెల్లెలి మొహంలోకి చూడలేక పంది వైపు చూశాడు. "కోకో కాచాను, రండి" అంది అత్త.

ఆ సాయంత్రం నీ పేరు వచ్చింది. మొదట కాదు, నా పేరు తర్వాత. ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు ఎప్పుడూ చెప్పడు కదా, ఆ రోజు నాది చెప్పాడు.

పెదనాన్న నీకు చెప్పమన్నవి రెండు. ఒకటి, అక్కడ మన చిప్ప ఇక పిలవద్దు. వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపడం కూడా మర్యాద కాదు కాబట్టి, వాళ్ళ కోసం ఆయనే కొత్త పేరు పెట్టాడు. "దూరం నుంచి వచ్చినవాడి దాహం." పేరు పెట్టే హక్కు ఆయనకుంది, కాబట్టి అది నిజమైన పేరే, ధైర్యంగా పిలవండి. రెండోది, ఆవా మరీ నీళ్ళలా కలుపుతున్నారట, వేరు ఇంకొంచెం వెయ్యమన్నాడు.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా వాచి ఉంది.

వైసోలా

---

ఒవాహు
నవంబరు చివర

అక్కా,

నీ ఉత్తరం కొబ్బరి పీచు కుప్ప మీద కూర్చుని చదివాను. పంది దగ్గర నవ్వాను, ఆ తర్వాత కళ్ళు కనపడలేదు. తోంగా కుర్రాళ్ళు చచ్చిపోయిందెవరు అని అడిగారు. ఎవరూ పోలేదు, మా ఇంట్లో అందరూ బతికే ఉన్నారు అని చెప్పాను.

కొత్త పేరు కెకౌవా ఆంటీకి చెప్పాను. ఎవరు పెట్టారని అడిగింది. ఆ రోజు పడవల్ని ఆపేసిన ముసలాయన అన్నాను. మర్నాడు నన్ను మళ్ళీ చిప్ప దగ్గరికి పిలిచింది. వేరు కూడా ఎక్కువ వేశాం. మొదటిరోజు తాగినావిడ ఎవరో ముసలమ్మ, కళ్ళు మూసుకుని ఒక్క చుక్క మిగలకుండా తాగింది, మొహం కూడా చిట్లించలేదు. పెదనాన్నకి చెప్పు.

ఆ చప్పట్లు నాకూ నచ్చేవని కూడా చెప్పు. రోజూ నచ్చేవి.

ఇక నీ సంగతి. పెదనాన్న నన్ను క్షమించాడు, అత్త మీ ఇద్దర్నీ క్షమించింది, అందరిదీ అయిపోయింది. నాది అవలేదు. రాళ్ళ మీద నా బదులు నువ్వు కూర్చున్నావు. నీ మోకాలు వాచింది. పెదనాన్న అడగడు, నువ్వు అడగవు, కానీ నేను ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని అన్నం తింటాను?

ఓడలో పని దొరికింది, డిసెంబరు పదిహేనో తారీఖుకల్లా వస్తాను. పగలు ఇంట్లోకి రాను, రేవులోనే ఉంటాను. తెల్లవారుజామున వచ్చి ఇంటి ముందు నెత్తిన చాప కప్పుకుని కూర్చుంటాను. పెదనాన్న వచ్చి ఎత్తితే లేవను. అత్త గుంజినా లేవను. నువ్వు రావాలి.

తొందరపడకు. ఎండ ఎక్కనివ్వు, కోకో తాగి రా.

నీ తమ్ముడు,
ఫెరేటి